ఉచిత న్యాయ సహాయం: ఒకసారి మా కోసం, ఒకసారి నా మీద

ముప్పై ఒక్క ఏళ్లు ఆర్టీసీలో కండక్టరుగా పనిచేసి దిగాను. రిటైరయ్యాక పొద్దుపోక, కొన్న మిక్సీ మొదలుకొని కళ్లజోళ్ల దుకాణం దాకా అన్నిటి మీదా సమీక్షలు రాస్తున్నాను. ఈసారి రాస్తున్నది జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఇచ్చే ఉచిత న్యాయ సహాయం గురించి. దీనికి బిల్లు లేదు, వారంటీ కార్డు లేదు. ఆరు నెలల్లో మా ఇంట్లో రెండుసార్లు వాడాం. మొదటిసారి మా కోసం వాడుకున్నాం. రెండోసారి మా తమ్ముడు దాన్ని నా మీద వాడాడు. ఏ జిల్లా అన్నది చెప్పను. ఇందులో కొందరి తప్పులు ఉన్నాయి, వాటిలో నావి చిన్నవేమీ కావు.

తమ్ముడికి 44 ఏళ్లు. ఇళ్లకు వైరింగ్ చేస్తాడు. గోడ తట్టి లోపల పైపు ఎటు పోయిందో చెప్పగలడు. బైపోలార్ జబ్బు పదహారేళ్లుగా ఉంది. లిథియం మాత్రలు వేసుకున్నంత కాలం మనలో ఒకడే. మానేస్తే నెల తిరక్కుండా నిద్ర పోతుంది, మాట ఉరుకుతుంది, రాత్రి రెండింటికి ఎవరి తలుపో తట్టి మీ ఇంట్లో ఎర్తింగ్ సరిగా లేదు లేవండి అంటాడు. మొన్న సంక్రాంతికి ముందు అలాగే మానేశాడు. బస్టాండులో కదులుతున్న బస్సుకు అడ్డం నిలబడి, చేతిలోని కటింగ్ ప్లయరు విసిరి ముందు అద్దం పగలగొట్టాడు.

నాకు అన్నం పెట్టిన సంస్థ బస్సు అది. డ్రైవరు ఒళ్లో గాజు పెంకులు పడితే ఎలా ఉంటుందో పక్కన నిలబడి చూసినవాణ్ని. అందుకే పోలీసులు వాణ్ని జీపు ఎక్కించినప్పుడు నాకు జాలి కంటే ముందు సిగ్గు వేసింది. కేసు 1984 నాటి ప్రజా ఆస్తుల నష్ట నివారణ చట్టం కింద పెట్టారు. ఐదేళ్ల దాకా శిక్ష పడే సెక్షను. రిమాండు వేశారు, జైలుకు పంపారు.

తెలిసినవాళ్లు చెప్పిన ఒక వకీలు దగ్గరికి వెళ్తే బెయిలు వరకు ముప్పై అయిదు వేలు అన్నాడు. సగం ముందే కట్టాలన్నాడు. డబ్బు కూడబెట్టే పనిలో తొమ్మిది రోజులు గడిచాయి. ఆ తొమ్మిది రోజుల్లో ప్రభుత్వమే ఉచితంగా వకీలును ఇస్తుందని స్టేషనులో గాని, జైలు గేటు దగ్గర గాని మాకు ఎవరూ చెప్పలేదు. మానసిక జబ్బు ఉన్నవారికి ఆ మాట చెప్పడం పోలీసు అధికారికీ, మేజిస్ట్రేటుకూ, జైలు అధికారికీ, ఆసుపత్రి వైద్యాధికారికీ విధి అని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 27వ సెక్షనులో రాసి ఉందట. నేను అది తర్వాత చదువుకున్నాను. చెప్పింది మాత్రం ములాఖాత్ వరుసలో నా ముందు నిలబడిన ఒకామె. అరటిపళ్ల సంచి పట్టుకుని కొడుకును చూడటానికి వచ్చింది. ‘లాయరుకు డబ్బులెందుకయ్యా, 15100కు ఫోను చెయ్యండి’ అంది. అంతలో ఆమె వంతు వచ్చింది, లోపలికి వెళ్లిపోయింది.

ఫోను చేశాను. తెలుగులోనే మాట్లాడారు. పేరు, ఏ జైలు, ఏ కేసు అని రాసుకుని, మర్నాడు కోర్టు ఆవరణలో ఉన్న న్యాయ సేవా సదన్‌కు వెళ్లమన్నారు. వెళ్లాను. ఒక బీరువా, రెండు బల్లలు, నీళ్ల క్యాను, గోడకు ఉచిత న్యాయ సహాయం గురించి చెప్పే రాజ్యాంగం 39ఎ అధికరణం రాసిన బోర్డు. ప్రభుత్వ కార్యాలయాలు ఎక్కి దిగడం నాకు కొత్త కాదు కాబట్టి జేబులో పింఛను పత్రాలు, ఆధారు, ఆదాయ ధ్రువపత్రం అన్నీ పెట్టుకుని పోయాను. ఆదాయ పత్రం ముందుకు జరిపితే బల్ల దగ్గరి ఉద్యోగి దాన్ని వెనక్కి నెట్టాడు. కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో పని లేదన్నాడు. 1987 న్యాయసేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షను. ఆడవాళ్లకు, పిల్లలకు, దళితులకు, గిరిజనులకు, వికలాంగులకు కూడా ఆదాయంతో పని లేదు. కస్టడీ అంటే జైలు మాత్రమే కాదు, మానసిక చికిత్సాలయంలో ఉంచినా కస్టడీయే అని అదే సెక్షనులో ఉందని కూడా చెప్పాడు. ఆ రెండో మాట నేను సరిగా వినలేదు. నాకు సంబంధం లేదనుకున్నాను.

మాకు కేటాయించిన న్యాయవాది ముప్పై దాటిన అమ్మాయి. ఈ మధ్య కొన్నేళ్లుగా జిల్లాల్లో డిఫెన్స్ కౌన్సెల్ అని పూర్తికాలం వకీళ్లను పెట్టారు. వాళ్లు జీతం మీద పనిచేస్తారు, బయట క్రిమినల్ కేసులు పట్టకూడదు, కక్షిదారు దగ్గర పైసా తీసుకోకూడదు. చేతినిండా తెల్ల టేపు కట్టిన ఫైళ్లు పెట్టుకుని వచ్చింది. నిజం చెబుతున్నాను, ఆ ఫైళ్ల కట్ట చూసి ఊరికే వచ్చేది ఇలాగే ఉంటుందిలే అనుకున్నాను. ఆమె కూర్చోకుండానే అడిగిన మొదటి ప్రశ్న: ‘ఏ మాత్ర? రోజుకు ఎన్ని? చివరిసారి ఎప్పుడు వేసుకున్నారు?’ అద్దం సంగతి అప్పటికి ఇంకా అడగలేదు.

మాత్రల సంగతి నా గొంతులో ముల్లులా ఉంది. లిథియం చీటీ, మాత్రల పట్టీ పట్టుకుని మూడుసార్లు జైలు గేటు దగ్గరికి వెళ్లాను. బయటి మందు మేం తీసుకోం అని మూడుసార్లూ తిప్పి పంపారు. ముప్పై అయిదు వేలు అడిగిన వకీలుకు ఇది చెబితే అది మన పని కాదన్నాడు. ఈ అమ్మాయి చీటీకి ఫోటో తీసుకుని, ఆ మధ్యాహ్నమే కోర్టులో మెమో వేసింది. మూడో రోజు ఉత్తర్వు వచ్చింది. జైలు డాక్టరు పరీక్షించి మందు కొనసాగించాలి, రక్తంలో లిథియం ఎంత ఉందో చూడాలి. లిథియం లెక్క తప్పితే మూత్రపిండాల మీద పడుతుంది, అందుకని రక్తపరీక్ష మాట ఆమే అడిగి రాయించింది. జైలుకు వెళ్లి తమ్ముణ్ని చూసి వచ్చింది. వకాలత్ మీద సంతకం వాడి చేతే పెట్టించుకుంది. నేను పెడతానంటే, ‘మీరు కాదండీ, కేసు ఆయనది’ అంది. అప్పుడు అది మర్యాద మాట అనుకున్నాను.

బెయిలు పదమూడో రోజున వచ్చింది. తలా పదివేలకు ఇద్దరి పూచీకత్తు. ఒకటి నేను, ఇంటి పన్ను రసీదుతో. రెండోది నాతో పనిచేసిన డ్రైవరు. ఆయన రసీదులో ఇంటిపేరు పొడి అక్షరం ఒకటి, ఆధారులో ఇంకొకటి. కాగితం వెనక్కి వచ్చింది. సరిచేయించుకుని వెళ్తే ఆ రోజు సంతకం పెట్టేవారు సెలవు. బెయిలు వచ్చిన మనిషి జైల్లోనే ఉన్నాడు. మన దేశంలో జైళ్లలో ఉన్నవాళ్లలో నూటికి డెబ్బై మందికి పైగా ఇంకా శిక్ష పడనివాళ్లని పేపర్లో చదివినప్పుడు అదెలాగబ్బా అనుకునేవాణ్ని. ఒక పొడి అక్షరంతో ఎలాగో తెలిసింది. ఇక్కడ ఆ అమ్మాయి 2023 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం పట్టుకుంది. బెయిలు వచ్చాక ఏడు రోజుల్లో ఖైదీ విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంటు న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శికి తెలియజేయాలి. నెలలో పూచీకత్తు కుదరకపోతే షరతులు సడలించవచ్చో లేదో కోర్టు తనంతట తానే చూడవచ్చు. నెల దాకా ఆగకుండానే ఆమె సడలింపు కోరుతూ దరఖాస్తు వేసింది. నా ఒక్కడి పూచీ, వాడి సొంత బాండు మీద ఇరవై ఏడో రోజున బయటికి వచ్చాడు. జిరాక్సులకు, ఫోటోలకు, టైపు చేయించడానికి కలిపి నాకైన ఖర్చు 212 రూపాయలు. చిల్లర లెక్క నాకు తప్పదు.

సమీక్ష ఇక్కడితో ఆపితే అయిదుకు అయిదు నక్షత్రాలు ఇచ్చి నిద్రపోయేవాణ్ని.

ఒక్క విషయం మధ్యలో చెప్పాలి. ఉద్యోగం కొత్తలో కోవెలకుంట్ల రూట్లో తిరిగాను. అక్కడి సబ్‌జైలు మీద 1977లో బాంబులు వేసి లోపల ఉన్న ఖైదీని చంపారని పాసింజర్లు కథగా చెప్పుకునేవాళ్లు. ఖైదీ కాబట్టి ఏమైతే ఏమిటన్నట్టు చెప్పేవాళ్లు, నేనూ అలాగే వినేవాణ్ని. ఆయన కొడుకులు కోర్టుకు వెళ్తే, జైలు నడపడం తన సార్వభౌమాధికారంలోని పని కాబట్టి తన మీద దావా చెల్లదని ప్రభుత్వం వాదించిందట. 2000లో సుప్రీంకోర్టు ఆ వాదన కొట్టేసి ఖైదీకీ ప్రాణహక్కు ఉంది, పరిహారం కట్టండి అంది. అంతకు చాలా ముందు 1974లోనే విశాఖ జైలు ఖైదీలు గోడ మీది కరెంటు తీగ మీద దావా వేస్తే, జైల్లో పెట్టినంత మాత్రాన మనిషి ప్రాథమిక హక్కులన్నీ పోవని అదే కోర్టు చెప్పింది. ఇవన్నీ న్యాయ సేవా సదన్ బెంచీ మీద వంతు కోసం కూర్చున్నప్పుడు పక్కనున్న ఒక పెద్ద గుమాస్తా చెప్పాడు. కోవెలకుంట్ల టికెట్లు వేలకు వేలు కొట్టాను గాని ఈ సంగతి డెబ్బైకి దగ్గరపడ్డాక తెలిసింది.

రెండో భాగానికి వస్తాను. ఇది రాయడం కష్టం.

తమ్ముడు ఇంటికి వచ్చాక మాత్రలు వేసుకుంటున్నాడు గాని మనిషి ఇంకా కుదురుకోలేదు. మరదలు పిల్లల్ని తీసుకుని పుట్టింటికి వెళ్లింది. రాత్రిళ్లు నేను కాపలా. ఒకరోజు వాడు స్విచ్చిబోర్డులన్నీ విప్పి హాల్లో పరిచాడు. నాకు వణుకు పుట్టింది. ఊరి చివర ఒక ప్రైవేటు మానసిక చికిత్స కేంద్రం ఉందని చెప్పారు, పేరు రాయను. వాళ్లే వ్యాను పంపారు, నలుగురు మనుషులు వచ్చి తలో చెయ్యో కాలో పట్టుకుని ఎక్కించారు. కాగితాల మీద నేను సంతకం పెట్టాను. చదవలేదు. కొత్త వాతావరణానికి అలవాటు పడాలి, మొదటి నెల చూడకపోతేనే మంచిదన్నారు. చూడలేదు. నెలకు పద్దెనిమిది వేలు కట్టాను. ఉన్నమాట రాస్తున్నాను, ఆ నెల నేను హాయిగా నిద్రపోయాను.

నలభై ఒకటో రోజున నాకు ఒక నోటీసు వచ్చింది. ఇలాంటి కేంద్రాల్లో ఉంచినవారి ఫిర్యాదులు వినే మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డు ముందు హాజరు కావాలి. దరఖాస్తుదారు మా తమ్ముడు. అతని తరఫున ఉచిత న్యాయ సహాయం కింద ఒక న్యాయవాది.

వాడి ఫోను ఆ కేంద్రంవాళ్లు తీసేసుకున్నారు. వంటమనిషి ఫోను అడిగి 15100కు చేశాడట. నంబరు ఎలా గుర్తుందిరా అని తర్వాత అడిగాను. జైల్లో బ్యారక్ గోడ మీద నీలం రంగుతో రాసి ఉంది, మీటరు నంబరు గుర్తుపెట్టుకున్నట్టు గుర్తుపెట్టుకున్నాను అన్నాడు.

నేను పరుగెత్తుకుంటూ పాత అమ్మాయి దగ్గరికి వెళ్లాను. మేడం, మీరే కదా మా కేసు చూసింది, మా తమ్ముడికి మతి స్థిమితం లేదు, ఈ దరఖాస్తు ఆపించండి అన్నాను. ఆమె నన్ను కూర్చోబెట్టింది. ‘ఈ కేసు నాది కాదండీ, మా సంస్థ జాబితాలోని ప్యానెల్ న్యాయవాది చూస్తున్నారు. నాదైనా ఇదే చెబుతాను. అప్పుడూ ఇప్పుడూ మా కక్షిదారు ఆయనే. మీరు కావాలంటే వేరే వకీలును పెట్టుకోండి’ అంది. గొంతు పెంచలేదు. నాకు చెంపదెబ్బ తగిలినట్టయింది. ముప్పై ఒక్క ఏళ్లలో టికెట్టు లేని ప్రయాణికుల్ని ఎంతమందిని దించానో, ఆ రోజు నన్ను ఎవరో దించినట్టు బయటికి వచ్చాను.

బోర్డు విచారణ తలుపులు మూసి జరుగుతుంది, లోపల బయటివాళ్లు ఉండరు. అధ్యక్షుడు జిల్లా జడ్జి స్థాయి మనిషి. కలెక్టరు తరఫున ఒకరు, ఒక మానసిక వైద్యుడు, ఒక మామూలు డాక్టరు, ఇంకా ఇద్దరు. ఆ ఇద్దరు జబ్బు అనుభవించినవాళ్లో, అలాంటివాళ్లను చూసుకున్నవాళ్లో, స్వచ్ఛంద సంస్థలవాళ్లో అయి ఉండాలని చట్టం. దరఖాస్తుకు రుసుము లేదు. తమ్ముణ్ని లోపలికి తీసుకొచ్చారు. నెత్తిన తువాలు కట్టుకుని ఉన్నాడు. కూర్చుని తువాలు తీశాడు. గుండు. సగం సగం పెరిగిన వెంట్రుకల మధ్య చెవి పైన గీరుకున్న మచ్చ. ఆ కేంద్రంవాళ్లు ఇచ్చిన లేత ఆకుపచ్చ చొక్కా, జేబు మీద నంబరు. వాడికి తలదువ్వుకోవడం మీద చిన్నప్పటి నుంచి ఎంత శ్రద్ధో నాకు తెలుసు, పనికి వెళ్లేటప్పుడు కూడా జేబులో దువ్వెన ఉంటుంది. పేలు పడ్డాయని తీశామని కేంద్రం మనిషి అన్నాడు. బలవంతంగా గుండు చేయకూడదనీ, సొంత బట్టలు వేసుకుంటానంటే యూనిఫారం వేసుకోమని బలవంతపెట్టకూడదనీ చట్టంలో రాసి ఉందని నాకు అప్పుడే తెలిసింది. ఇంత చిన్న విషయం కూడా చట్టంలో రాశారంటే ఎందరికి జరిగి ఉండాలి!

వాడి న్యాయవాది యాభై దాటిన సన్నపాటి మనిషి. ఉపన్యాసం ఇవ్వలేదు. ఒక తెల్లకాగితం మీద తేదీలు రాసుకొచ్చి బల్ల మీద పెట్టాడు, అచ్చం టికెట్ల లెక్క రాసే మా వే బిల్లు లాగా. చేర్చుకున్న తేదీ. ఇష్టం లేని మగమనిషిని ఇలా చేర్చుకుంటే ఏడు రోజుల్లో బోర్డుకు తెలపాలి, తెలపలేదు. ముప్పై రోజులు దాటి ఉంచాలంటే ఇంకో సెక్షను కింద ఇద్దరు మానసిక వైద్యులు విడివిడిగా పరీక్షించి రాయాలి, బోర్డు అనుమతి కావాలి. ఆ కాగితం లేదు. నలభై ఒక్క రోజుల్లో కుటుంబంతో మాట్లాడిన ఫోన్లు: సున్నా. మా సంస్థలో వే బిల్లు లెక్కకు తేడా వస్తే కండక్టరు ఏం మాట్లాడినా వినరు. కేంద్రం మనిషి కూడా చివరికి మాట్లాడటం మానేశాడు.

జడ్జిగారు నన్ను అడిగారు: ‘మీరు ఆయన నామినేటెడ్ ప్రతినిధా?’ అన్నను సార్ అన్నాను. అది కాదు అడిగింది అన్నారు. ఆ 2017 మానసిక ఆరోగ్య చట్టంలో ఎవరైనా తన తరఫున నిర్ణయాల్లో తోడుగా ఉండటానికి ఒకరిని తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టి ఎంచుకోవచ్చు. తమ్ముడు రాశాడు. నా పేరు కాదు, వాడితో పనిచేసే ఇంకో వైర్‌మ్యాన్ పేరు. ఆ కుర్రవాడు గది బయట చెప్పులు విడిచి నిలబడి ఉన్నాడు, నేను లోపలికి వచ్చేటప్పుడు నమస్కారం పెట్టాడు, ఎందుకొచ్చాడో అప్పుడు నాకు తెలియదు.

ఇంటికి పంపితే మళ్లీ మాత్రలు మానేస్తాడు సార్ అని నేను అన్నాను. అది నా ఒక్కటే వాదన, ఇప్పటికీ అది అబద్ధం కాదు. సభ్యుల్లో చివరన కూర్చున్న ఒక పెద్దావిడ తమ్ముడి వైపు తిరిగి, ‘ఎందుకు మానేస్తావు నాయనా?’ అని అడిగింది. పదహారేళ్లలో ఈ ప్రశ్న నేను వాణ్ని తిడుతూ తప్ప అడగలేదు. చేతులు వణుకుతాయమ్మా, స్క్రూ పట్టుకోలేను, రెండు తీగలు కలపలేను, పని పోతుంది అన్నాడు. మానసిక వైద్యుడు కాగితం మీద ఏదో రాసుకున్నారు. ఇప్పుడు ప్రభుత్వ ఆసుపత్రిలో మోతాదు మార్చారు, వణుకుకు వేరే మాత్ర ఒకటి చేర్చారు. ఇది న్యాయ సహాయం లెక్కలోకి వస్తుందో రాదో నాకు తెలియదు, నేను మాత్రం వేశాను.

ఇలాంటి దరఖాస్తు ఏడు రోజుల్లో తేల్చాలి. ఆరో రోజున తేలింది. విడుదల, బయటి రోగిగా చికిత్స.

ఇక లోపాలు. సాయంత్రం ఆరుకు కేంద్రం గేటు దగ్గర ప్లాస్టిక్ సంచితో వాణ్ని వదిలారు, ఆ తర్వాత ఎలా ఉన్నాడని అడిగిన దిక్కు లేదు. న్యాయ సహాయం ఉత్తర్వుతో ఆగిపోతుంది, బతుకు ఉత్తర్వు తర్వాత మొదలవుతుంది. దరఖాస్తు నమూనా మా దగ్గర ఇంగ్లీషులోనే ఉంది, చదివి వినిపించారు గాని వినిపించడం వేరు. మొదటి న్యాయవాది ఒకే ఉదయం పదకొండు ఫైళ్లతో మూడు కోర్టు హాళ్ల మధ్య తిరగడం చూశాను, మా వంతు వచ్చినప్పుడు ఆమె వేరే హాల్లో ఉండి ఒక వాయిదా వృథా అయింది. అన్నిటికంటే, ఈ సేవ ఉందని అరటిపళ్ల సంచి ఆమె చెప్పాలి, గోడ చెప్పాలి. అందుకు ఒక నక్షత్రం కోసి, నాలుగు ఇస్తున్నాను. నా మీద గెలిచినందుకు ఏమీ కోయలేదు.

మా డిపోలో తాగి గొడవ చేసే ప్రయాణికుణ్ని చూసి ‘ఎర్రగడ్డకు టికెట్టు కొట్టమంటావా?’ అని అనడం మామూలు. అక్కడ పిచ్చాసుపత్రి ఉంది మరి. విశాఖ వైపువాళ్లు తమ ఆసుపత్రి ఉన్న చినవాల్తేరు అంటారు. ఆ జోకు నేను ఎన్నిసార్లు వేశానో లెక్కలేదు. బస్సంతా నవ్వేది.

అద్దం కేసు ఇంకా నడుస్తోంది, వచ్చే నెల వాయిదా, పాత అమ్మాయే చూస్తోంది. వాడు నాతో ముభావంగానే ఉంటాడు. పోయిన ఆదివారం మాత్రం ఒక కాగితం తెచ్చి చేతిలో పెట్టాడు. ముందస్తు ఆదేశం అంటారట. మళ్లీ జబ్బు ముదిరి మాట చెప్పలేని స్థితి వస్తే ఏం చేయాలో, ఏం చేయకూడదో బాగున్నప్పుడే రాసి బోర్డులో నమోదు చేయించుకోవచ్చు. గుండ్రటి చేతిరాత, వైరింగ్ పటం కింద రాసే వివరాల్లాగా వరసగా రాశాడు. లిథియం ఇవ్వవచ్చు. అప్పట్లో నాలుక మెలికపడిన ఇంజెక్షను వద్దు. చేర్చవలసి వస్తే ప్రభుత్వ ఆసుపత్రిలోనే. గుండు చేయకూడదు. ఫోను నా దగ్గరే ఉండాలి. చివరి వరస: మా అన్నయ్యకు కబురు చేయాలి, సంతకం మాత్రం అడగకూడదు.

జిరాక్సు తీయించుకు రమ్మన్నాడు. మూడు ప్రతులు తీయించాను, ఆరు రూపాయలు.